చిన్నమ్మ కొంగున బియ్యం

మా చిన్నమ్మ చీర కొంగుకు ఎప్పుడూ ఒక ముడి ఉండేది. అందులో ఉండేది డబ్బులు కాదు, బియ్యం. నాటుకు పోతూ ట్రాలీలో కూర్చున్నా, వాకిట్లో చింతపండు గింజ తీస్తున్నా, పెళ్లి పందిట్లో నలుగురి నడుమ ఉన్నా ముడి విప్పి నాలుగు గింజలు నోట్లో వేసుకునేది. పటపటమనే ఆ చప్పుడు విని మా అమ్మ కసురుకునేది. "ఎందుకే ఎప్పుడు చూసినా బియ్యం బుక్కుతవ్? పాండురోగం వస్తదని తెల్వదా?"

మా పాలకీడు చుట్టుపక్కల ఏ ఇంట్లోనైనా ఈ మాటే వినిపిస్తుంది. బియ్యం తినే ఆడమనిషి మొహం పాలిపోతుంది, నాలుగడుగులకే ఆయాసం వస్తుంది, కాబట్టి తప్పంతా బియ్యానిదే అంటారు. నేనూ అదే నమ్మేదాన్ని. ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చేసి, మిర్యాలగూడలో సూది పట్టుకున్నాక తెలిసింది, ఆ మాట తిరగబడి ఉందని. రక్తం తగ్గి, ఒంట్లో ఇనుము అడుగంటినప్పుడు బియ్యం మీదికి ప్రాణం పోతుంది. కొందరికి బలపాలు, కొందరికి మట్టిగడ్డలు, కొందరికి ఐసుముక్కలు. ఇనుము నిల్వలు నిండాయంటే ఆ యావ తనంతట తనే పోతుంది. అందుకే పచ్చి బియ్యం నమిలే మనిషి కనబడితే నేను మందలించను. ఒక రక్తపుచుక్క కోసం వేలు చాపమంటాను.

చిన్నమ్మ వేలు నాకు దొరకడానికి మాత్రం చాలా ఏళ్లు పట్టింది.

2016లో జిల్లాలు విడగొట్టినప్పుడు పాలకీడు నేరేడుచర్ల మండలం నుంచి విడిపోయి తనే మండలమైంది, సూర్యాపేట జిల్లాలో చేరింది. కాగితాల మీద జిల్లా మారినా, జబ్బు చేస్తే మావాళ్లలో చాలామంది బస్సెక్కేది మిర్యాలగూడకే. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద ఊళ్లు కాబట్టి ఏడాదికి రెండు నాట్లు. చిన్నమ్మ ముఠాలో నాట్లు వేసేది. వంగి నాటేది కాబట్టి నడుంనొప్పి, ఎండలో ఉండేది కాబట్టి తలనొప్పి, అన్నం వేళకు తినదు కాబట్టి కడుపుల మంట. ప్రతి బాధకూ ఒక కారణం చేతికి అందేంత దూరంలోనే ఉండేది. అందుకే అసలు కారణం వెతికే అవసరం ఎవరికీ రాలేదు.

ఒక ఏడు జనవరిలో జాన్‌పహాడ్ దర్గా ఉర్సు. మా ప్రాంతంలో హిందువులూ ముస్లింలూ కలిసి మొక్కులు తీర్చుకునే చోటు అది. ఆ దర్గా మీది నమ్మకంతో పిల్లలకు సైదులు అని పేరు పెట్టుకోని కుటుంబం మా దగ్గర తక్కువ. చిన్నమ్మ మనవడికి మొక్కు ఉందని కందూరు విందు చేయడానికి అందరం వెళ్లాం. బండ్లు ఆపిన చోటు నుంచి దర్గా దాకా చిన్నపాటి నడక. ఆ నడకలో చిన్నమ్మ మూడుసార్లు కూర్చుంది. మూడోసారి నేనూ పక్కన కూర్చుని ఆమె చేయి నా ఒళ్లోకి తీసుకున్నాను. గోళ్లు ఉబ్బెత్తుగా ఉండాల్సింది పోయి, చెంచా లోపలి భాగంలా గుంటపడి ఉన్నాయి. నీటిచుక్క వేస్తే నిలిచేటట్టున్నాయి. నాలుక చాపమన్నాను. మామూలుగా ఉండే గరుకు లేదు, నున్నగా, ఎర్రగా ఉంది.

"కారం తగిలితే సుర్రుమంటది బిడ్డా. అరికాళ్లు కూడా తిమ్మిర్లు. గదే పోతది తియ్" అంది.

మర్నాడే ల్యాబుకు తీసుకొచ్చాను. మావాళ్ల లెక్కలో చెప్పాలంటే రక్తం (హిమోగ్లోబిన్) 7.2 పాయింట్లు. గర్భిణి కాని ఆడవాళ్లకు 12 అయినా ఉండాలి. సంచిలోంచి పాత రిపోర్టులు తీసి పరిచింది. రెండేళ్ల కింద 7.6, ఏడాది కింద 7.1, మొన్న వానాకాలంలో 7.3. ఈ మధ్యకాలమంతా ఐరన్ గోలీలు రాస్తూనే ఉన్నారు. ప్రతిచోటా ఒకే మాట అన్నారట: "నువ్వు గోలీలు సరిగ్గా వేసుకోవట్లేదమ్మా." ఒకచోటనైతే అందరి ముందూ "డబ్బాలు పారేసి వచ్చి మాకు చెప్తారు" అన్నారని చెబుతూ మా చిన్నమ్మ కొంగుతో మూతి తుడుచుకుంది. బడి గడప ఎక్కని ఆడమనిషి తన గురించి తను చెప్పే మాటకు విలువ ఉండదని ఆ రెండేళ్లలో ఆమెకు బాగా అర్థమైంది.

ఆమె అబద్ధం చెప్పట్లేదని తెలుసుకోవడానికి నాకు పెద్ద మిషన్ ఏమీ అక్కర్లేకపోయింది. మలం పరీక్షకు డబ్బా ఇచ్చాను. నల్లగా వచ్చింది. ఐరన్ గోలీలు మింగేవాళ్లకు అలాగే వస్తుంది. (కడుపులో రక్తం కారినా నల్లగా వస్తుంది. అది తారులా జిగటగా, ఘోరమైన వాసనతో ఉంటుంది. అలా కనబడితే ఒక్కరోజు కూడా ఆగకూడదు.) రక్తపు జాడ ఉందేమోనని పరీక్ష చేశాను, లేదు. నులిపురుగుల గుడ్లు, కొంకిపురుగు గుడ్లు వెతికాను, అవీ లేవు. బురదలో చెప్పుల్లేకుండా దిగేవాళ్లకు కొంకిపురుగు అరికాలి చర్మంలోంచే లోపలికి వెళ్లి పేగుకు పట్టుకుని రక్తం పీలుస్తుంది కాబట్టి నాట్లు వేసేవాళ్లలో అది చూడకుండా వదలకూడదు. చిన్నమ్మకు నెలసరి నిలిచి ఏడాదిన్నర అయింది, ఆ దారిన పోయే రక్తమూ లేదు. అంటే ఇనుము లోపలికి వెళ్తోంది, ఒంటికి పట్టకుండా అట్లాగే బయటికి వచ్చేస్తోంది.

రక్తకణాలు లెక్కపెట్టే మిషన్ ఒక విచిత్రమైన అంకె చూపించింది. ఇనుము తక్కువైతే ఎర్రకణాలు చిన్నవవుతాయి. చిన్నమ్మ కణాల సగటు సైజు 86, అంటే మామూలే. కణాల సైజుల్లో తేడా చూపించే అంకె మాత్రం బాగా ఎక్కువగా ఉంది. నాకు అక్కడ అనుమానం వచ్చింది. సన్నొడ్లు, దొడ్డొడ్లు ఒకే కుప్పలో కలిపి సగటు గింజ ఎంతుందని అడిగితే మధ్యస్తంగా ఉందనే వస్తుంది. కుప్పలో చేయి పెట్టి చూస్తే తప్ప నిజం తెలియదు.

స్లైడ్ వేశాను. గాజుపలక అంచున రక్తపుచుక్క పెట్టి, ఇంకో పలకతో ఒక్క ఊపులో నాలుక ఆకారంలో పలచగా పరచాలి. ఆరాక లీష్మన్ రంగు పోసి, నీళ్లతో కడిగి, నూనెచుక్క వేసి మైక్రోస్కోపు కింద పెట్టాను. కణాల్లో సగం చిన్నవి, నడుమంతా తెల్లగా ఖాళీ, అంచున మాత్రం సన్నటి ఎరుపు, చేతి గాజుల్లా ఉన్నాయి. వాటి నడుమ బలపంలా సన్నగా సాగినవి కొన్ని. ఇవి ఇనుము లేమికి గుర్తు. మిగతావి పెద్దవి, కోడిగుడ్డులా కోలగా ఉన్నాయి. ఒక రకం తెల్లకణం కేంద్రం మామూలుగా మూడు నాలుగు ముక్కలుగా ఉంటుంది. చిన్నమ్మ రక్తంలో ఆరు ముక్కలుగా చీలినది ఒకటి దొరికింది. ఇది బి12 విటమిన్ లేమికి గుర్తు. ఒకే మనిషిలో రెండు కరువులు. ఒకటి కణాన్ని చిన్నది చేస్తుంటే, ఇంకొకటి పెద్దది చేస్తోంది. రెండూ కలిసి మిషన్ కళ్లు కప్పాయి.

ఆ స్లైడ్ చూపించాక మా డాక్టర్ గారు అడిగిన మొదటి ప్రశ్న తిండి గురించి కాదు. "కడుపులో మంటకు ఏమన్నా వాడుతున్నావా పెద్దమ్మా?"

"గ్యాస్ గోలీ సారూ. పొద్దున్నే ఒకటి. నాలుగైదేండ్ల సంది."

మాంసం, గుడ్లు తినే మనిషికి ఇనుము, బి12 రెండూ ఒకేసారి ఎందుకు తగ్గుతాయో అర్థం కావాలంటే కడుపు చేసే పని చూడాలి. మేం జీర్ణాశయం అని పుస్తకంలో చదువుకున్నది ఆ కడుపునే.

నేను పని నేర్చుకున్న రోజుల్లో హిమోగ్లోబిన్ చూడటానికి సాలీ గొట్టం ఉండేది. గొట్టంలో పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోసి, వేలి నుంచి పీల్చిన రక్తాన్ని అందులోకి ఊది పది నిమిషాలు ఆగాలి. ఎర్రటి రక్తం టీ డికాషన్ రంగుకు తిరుగుతుంది. పక్కనున్న గాజుకడ్డీ రంగుతో సరిపోయే దాకా డిస్టిల్డ్ వాటర్ చుక్కలు చుక్కలుగా కలుపుతూ పోవాలి. ఆమ్లం పాతబడి బలం తగ్గిందంటే ఆ గొట్టంలో లెక్కంతా తప్పుతుంది. మన కడుపులో ఊరేదీ అదే ఆమ్లం. అక్కడా దాని బలం తగ్గితే లెక్క తప్పుతుంది.

తోటకూరలో, పప్పుల్లో, రాగుల్లో ఉండే ఇనుము పేగు పీల్చుకునే రూపంలో ఉండదు. ఆమ్లమూ విటమిన్ సి కలిసి దాన్ని మార్చాలి. ఆ విటమిన్ సి తిండిలోంచే కాదు, కడుపు గోడ నుంచి కూడా ఊరుతుంది. బి12 మాంసం, చేప, గుడ్డు, పాలల్లో మాంసకృత్తులకు అతుక్కుని ఉంటుంది. దాన్ని విడదీయడానికి ఆమ్లం కావాలి, పెప్సిన్ అనే రసం కావాలి. విడిపోయాక కూడా కడుపు గోడలోని కణాలు తయారుచేసే ఒక తోడు పదార్థం చేయి పట్టుకుని తీసుకెళ్తేనే చిన్నపేగు చివర లోపలికి వెళ్తుంది. కడుపు గోడ దెబ్బతింటే ఈ పనులన్నీ ఒక్కొక్కటే ఆగిపోతాయి. పళ్లెంలో ఏం వడ్డించినా ఒంటికి చేరేది సగమే.

ఆ గోడను దెబ్బతీసే క్రిమి పేరు హెలికోబ్యాక్టర్ పైలోరీ. మెలి తిరిగిన ఒళ్లు, ఒక చివర తోకలు. అంత పుల్లటి ఆమ్లంలో క్రిములు బతకవని వైద్యలోకం చాలాకాలం గట్టిగా నమ్మింది. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో రాబిన్ వారెన్ అనే పాథాలజిస్టు, బ్యారీ మార్షల్ అనే యువ డాక్టరు కడుపు ముక్కల్లో ఈ క్రిమిని చూశారు కానీ పెంచలేకపోయారు. 1982లో ఈస్టర్ సెలవులొచ్చి, పెంపకపు పలకలను రెండు రోజులకు పారేయాల్సింది మరో మూడు రోజులు అలాగే వదిలేశారు. తిరిగొచ్చి చూస్తే క్రిములు పెరిగి ఉన్నాయి. మరీ నిదానంగా పెరిగే రకమని అప్పుడు తెలిసింది. అయినా ఎవరూ నమ్మకపోతే 1984లో మార్షల్ ఆ క్రిములున్న ద్రవాన్ని తనే తాగేశాడు. కొద్దిరోజులకే వాంతులు మొదలయ్యాయి, ఎండోస్కోపీలో కడుపు వాచి కనబడింది. 2005లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. మా ల్యాబులో ఏదైనా కల్చర్ పారేయబోతుంటే ఆ ఈస్టర్ సెలవులు నాకు గుర్తొస్తాయి. ల్యాబు పిల్లలకు చెబుతాను, ఇంకో రోజు ఆగండర్రా అని.

ఆ క్రిమి ఆమ్లంలో బతికే ఉపాయం గొప్పది. యూరియేజ్ అనే ఎంజైమ్‌తో కడుపులోని యూరియాను అమోనియాగా మారుస్తుంది. అమోనియా ఆమ్లాన్ని విరుస్తుంది. తన చుట్టూ అలా ఒక చిన్న గూడు కట్టుకుని, జిగురుపొరలోకి తొలుచుకుని వెళ్లి ఏళ్లతరబడి కాపురముంటుంది. దానివల్ల కడుపు గోడ సన్నగా వాస్తూ ఉంటుంది. చాలామందికి ఆ వాపు తెలియను కూడా తెలియదు. కొందరికి పుండ్లు పడతాయి, కొందరికి గోడ పలచబడి ఆమ్లం ఊరే కణాలే నశిస్తాయి, విటమిన్ సి తగ్గుతుంది. వాపు ఉన్నప్పుడు కాలేయం హెప్సిడిన్ అనే హార్మోనును ఎక్కువగా వదిలి పేగులో ఇనుము దారిని మూసేస్తుంది. చాలా కొద్దిమందిలో ఇది కడుపు క్యాన్సర్ దాకా పోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1994లోనే ఈ క్రిమిని క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది.

గ్యాస్ గోలీ సంగతి ఇక్కడే చెప్పాలి. అది ఆమ్లాన్ని తగ్గించి మంటను అణుస్తుంది, క్రిమిని చంపదు. చిన్నమ్మకు క్రిమి ఒకవైపు, గోలీ ఇంకోవైపు ఆమ్లాన్ని తగ్గించాయి. నాలుగైదేళ్లు రోజూ వేసుకుంటే ఆ గోలీ ఒక్కటే ఇనుమును, బి12ను తగ్గించగలదు. మందుల షాపులో చీటీ లేకుండా దొరికే ఆ గోలీని మా ఊళ్లలో చాక్లెట్లలా మింగుతున్నారు. చూస్తుంటే నాకు భయమేస్తుంది.

ఆ గోలీ ఇంకో చోట కూడా దెబ్బకొట్టింది. చిన్నమ్మకు అంతకుముందే ఒకచోట పైలోరీ ఉందేమోనని మలం పరీక్ష చేశారు. లేదని రాసిచ్చారు. గ్యాస్ గోలీ ఆపమని ఎవరూ చెప్పలేదు. ఆ గోలీ వాడుతున్నంతకాలం క్రిములు తగ్గి, అణిగి ఉంటాయి, పరీక్షకు దొరకవు. కనీసం రెండు వారాలు అది ఆపాలి, యాంటీబయాటిక్స్ వాడి నాలుగు వారాలు గడవాలి. అప్పుడు చేసిన పరీక్షకే విలువ. లేదని రాసిన ఆ కాగితం వల్ల చిన్నమ్మ జీవితంలో ఏడాది పోయింది.

ఈసారి గోలీ ఆపించాం. ఆ రెండు వారాలు మంటకు తట్టుకోలేక రాత్రిళ్లు మజ్జిగ తాగుతూ కూర్చుందట. తర్వాత హైదరాబాద్ తీసుకెళ్లాం. గొంతులో మందు కొట్టి పైపు వేశారు. నెలసరి నిలిచాక, కారణం తెలియకుండా రక్తం తగ్గుతున్న మనిషికి ఎండోస్కోపీ తప్పనిసరి, పుండో క్యాన్సరో ఉంటే దాంట్లోనే బయటపడుతుంది. అలాంటివేమీ లేవు. గోడ మాత్రం చాలాచోట్ల పలచబడి, కింది రక్తనాళాలు పైకి కనబడుతున్నాయి. ఆవగింజంత ముక్కలు రెండు మూడు తీశారు. ఒకటి చిన్న ప్లాస్టిక్ కిట్‌లోని పసుపుపచ్చ గుండ్రంలో పెట్టారు. నా వృత్తి తెలుసు కాబట్టి చూడనిచ్చారు. క్రిమి ఉంటే దాని యూరియేజ్ అందులోని యూరియాను విరిచి అమోనియా చేస్తుంది, రంగు మారుతుంది. ముక్క చుట్టూ ముందు ఒక సన్నటి గులాబీ అంచు లేచింది. పావుగంట తిరగకముందే గుండ్రమంతా ముదురు గులాబీ, మా ఊళ్లో పెళ్లిళ్లకు చల్లుకునే రంగునీళ్లలా. ఇరవై ఏళ్లుగా రంగులు మారడం చూసి రాసుకోవడమే నా పని. ఆ రంగు చూసినప్పుడు మాత్రం నాకు ఏడుపొచ్చింది. రెండేళ్లుగా ఆ మనిషి చెబుతున్నది నిజమేనని ఆ గుండ్రం చెప్పింది.

మందులు 14 రోజులు. మన దేశంలో క్లారిత్రోమైసిన్‌కు లొంగని క్రిములు పెరిగాయి కాబట్టి బిస్మత్, టెట్రాసైక్లిన్, మెట్రోనిడజోల్, ఆమ్లం తగ్గించే గోలీ, నాలుగు రకాలు కలిపి రాశారు. రోజుకు డజనుకు పైగా గోలీలు. నోరంతా చేదు, ఇనుము నాకినట్టుండేదట. బిస్మత్‌కు నాలుక నల్లబడింది, మలం నల్లబడింది. అది మందు రంగని ముందే చెప్పి పెట్టకపోతే మూడోరోజే ఆపేసేది. టెట్రాసైక్లిన్ పాలతో, ఇనుముతో కలిస్తే పనిచేయదు కాబట్టి ఆ రెండు వారాలు ఐరన్ గోలీలు ఆపాం. అది తాటికల్లు కాలం. మెట్రోనిడజోల్ మీద కల్లు తాగితే వాంతులు, గుండెదడ వస్తాయి. "పద్నాలుగు రోజులు కల్లు ముట్టొద్దంటే ముట్టను. దానికేం గోసలే" అంది, అన్నట్టే ముట్టలేదు. సగం కోర్సుతో ఆపేస్తే చావని క్రిములు మొండికెత్తుతాయి, రెండోసారి అదే మందు పనిచేయదు. అందుకే నేను రోజూ రాత్రి ఫోన్ చేసి ఖాళీ రేకులు లెక్కపెట్టించేదాన్ని.

ఆ టెట్రాసైక్లిన్ గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఆ జాతి మందుల్లో మొదటిది ఆరియోమైసిన్. అది 1948లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల నుంచి వచ్చింది. అక్కడ పరిశోధనలకు నాయకత్వం వహించినవారు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆయన ఇద్దరు అన్నదమ్ములు కొద్దిరోజుల తేడాలో స్ప్రూ అనే జబ్బుతో చనిపోయారు. పేగు తిండిలోని సారాన్ని పీల్చుకోలేక, రక్తం తగ్గి మనిషి ఎండిపోయే జబ్బు అది. ఆయనకూ అదే జబ్బు వస్తే మద్రాసులో ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో బతికారు. ఆ తర్వాత అమెరికా వెళ్లారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది, స్ప్రూకు మందు దొరికింది. ప్రభుత్వం ఇచ్చే ఎర్ర గోలీలో 60 మిల్లీగ్రాముల ఇనుముతో పాటు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. అన్నదమ్ములను పోగొట్టుకున్న ఒక తెలుగు మనిషి పట్టుదల ప్రతి గర్భిణి చేతిలోని ఆ గోలీలో ఉంది.

అయితే ఆ గోలీలో బి12 ఉండదు. బి12 తక్కువున్న మనిషికి ఉత్త ఫోలిక్ ఆమ్లం ఇస్తే రక్తం కాస్త మెరుగైనట్టు కనబడుతుంది, లోపల నరాలు మాత్రం దెబ్బతింటూనే ఉంటాయి. చిన్నమ్మ అరికాళ్ల తిమ్మిర్లు అవే. కాలేయంలో బి12 ఏళ్లకు సరిపడా నిల్వ ఉంటుంది కాబట్టి దారి మూసుకున్న చాలాకాలానికి గానీ లోటు బయటపడదు. పడ్డాక సూదులే దగ్గరి దారి. ఆ సూదులు నేనే వేశాను.

పైలోరీ ప్రపంచంలో దాదాపు సగం మందిలో ఉంటుంది, మన దేశంలో ఇంకా ఎక్కువ. ఎక్కువమందికి ఏ ఇబ్బందీ ఉండదు. రక్తం తక్కువున్న ప్రతివాళ్లూ పైలోరీ పరీక్షకు పరుగెత్తక్కర్లేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 లెక్కల్లో తెలంగాణలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. అందులో ఎక్కువభాగానికి కారణం చాలని తిండి, నెలసరి, వెంటవెంట కాన్పులు. అన్నం తిన్న వెంటనే టీ తాగడం కూడా ఇనుమును ఆపేస్తుంది. గోలీలు నిజంగా వేసుకుంటూ, నెలలు గడిచినా పాయింట్లు పెరగకపోతే, రక్తం ఎక్కడికి పోతోందో కనబడకపోతే, అప్పుడు కడుపు వైపు చూడాలి. కారణం తెలియని ఇనుము లేమిలో, బి12 లేమిలో ఈ క్రిమిని వెతికి చంపమని అంతర్జాతీయ వైద్య మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి. పెద్దవాళ్లలో ఉత్త ఇనుము ఇవ్వడం కన్నా క్రిమిని చంపి ఇనుము ఇస్తే రక్తం మెరుగ్గా పెరుగుతోందని చాలా అధ్యయనాలు చూపించాయి.

ఇది ఎక్కడి నుంచి వచ్చిందని చిన్నమ్మ అడిగింది. చాలావరకు చిన్నతనంలోనే, ఇంట్లోనే, నోటి నుంచి నోటికి, మురికి చేతుల నుంచి, మురికి నీళ్ల నుంచి వస్తుంది. హైదరాబాద్‌లోని దక్కన్ మెడికల్ కాలేజీ పరిశోధకులు 2007లో సింగపూర్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించిన అధ్యయనంలో నల్లా నీళ్లు తాగేవాళ్ల కన్నా బావి నీళ్లు తాగేవాళ్లలో, ఇరుకిళ్లలో ఉండేవాళ్లలో ఈ క్రిమి ఎక్కువ కనబడింది. చిన్నమ్మ చిన్నప్పుడు ఇంటిల్లిపాదీ దిగుడుబావి నీళ్లే తాగారు. నీళ్లు ఇప్పుడు మెరుగయ్యాయి. చిన్నమ్మ మాత్రం మనవడికి రొట్టె తను నమిలి మెత్తగా చేసి పెట్టేది. డాక్టర్ గారు అది మానమన్నారు. ఆమెకు అన్నిటికన్నా కష్టమనిపించిన పథ్యం అదే.

రేషన్ బియ్యం విషయం కూడా రాయాలి. మిర్యాలగూడ మిల్లుల నుంచి వచ్చే రేషన్ బియ్యంలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపి చేసిన గింజలను నూటికి ఒకటి చొప్పున కలుపుతూ వచ్చారు. చూడటానికి కొద్దిగా వేరుగా ఉంటాయి. ప్లాస్టిక్ బియ్యమని మా అమ్మలక్కలు చేటలో వాటినే ఏరి పారబోసేవాళ్లు. అవి ప్లాస్టిక్ కాదు. కనబడితే దయచేసి ఏరకండి, వండుకోండి. అన్నంలో నిమ్మకాయ పిండుకున్నా, ఉసిరికాయ పచ్చడి నంజుకున్నా ఆ ఇనుము బాగా పడుతుంది. టీ గంట తర్వాత తాగండి.

చిన్నమ్మకు మందులయ్యాక నాలుగు వారాలు ఆగి, మళ్లీ రెండు వారాలు గ్యాస్ గోలీ లేకుండా చూసి మలం పరీక్ష చేశాం. క్రిమి లేదు. (రక్తంలో చూసే యాంటీబాడీ పరీక్ష ఇందుకు పనికిరాదు, క్రిమి చచ్చాక కూడా నెలల తరబడి ఉందనే చెబుతుంది.) పలచబడిన గోడ పూర్తిగా మునుపటిలా అవుతుందని ఎవరూ మాటివ్వలేదు, బి12 సూదులు నెలకొకటి నడుస్తూనే ఉన్నాయి. ఐరన్ గోలీలు మాత్రం అవే. రెండేళ్లు పనిచేయని అదే రకం, అదే మోతాదు. మూడు వారాలకు 8.4. రెండు నెలలకు 10.3. వానాకాలం నాట్లు అయిపోయే నాటికి 11.8. నిల్వలు నిండాలి కాబట్టి ఆ తర్వాత మరో మూడు నెలలు ఆపకుండా వేయించాను. ఆ అంకెలన్నీ నా రిజిస్టరులోంచి ఒక కాగితం మీద రాసిచ్చాను. పాత రిపోర్టులున్న సంచిలో ఆ కాగితాన్ని అన్నిటికన్నా పైన పెట్టుకుంది.

మొన్న రాత్రి ఫోన్ చేసింది.

"బిడ్డా, కోడలు బియ్యం డబ్బా కాడ దొరికింది. అడిగితే ఏం లేదంటది. రేపు తోలుకొస్తున్న. పరగడుపున తేవాల్నా?"

"పరగడుపు అక్కర్లేదు చిన్నమ్మా, ఏమన్నా తినిపించే తీసుకురా. కోప్పడకు. నెలసరి ఎట్లా అవుతుందో మెల్లగా అడుగు. గ్యాస్ గోలీలు వేసుకుంటుందేమో కూడా అడుగు."

"వేసుకుంటది. నేను మానేసిన డబ్బా ఆమెనే తీసుకున్నది" అంది చిన్నమ్మ.